గరగల డప్పు, సన్నాయి లూపులు: టెంపో, శ్రుతి ఫైల్ లోపలే ఉండాలంటే?

రాజోలు_లూప్స్:

నమస్తే అండి. గరగల (జాతరలో తలమీద ఎత్తుకుని ఆడే అమ్మవారి ఘటాలు) డప్పు, డోలు, సన్నాయి బిట్లు రికార్డు చేసి ఒక లూపుల (తిప్పి తిప్పి వాయించుకునే చిన్న ముక్కల) ప్యాక్ కడుతున్నాను. వాడే సంగీత సాఫ్ట్‌వేర్ ఎఫ్ఎల్ స్టూడియో, ఫైళ్లు 44.1 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్. ఇప్పటిదాకా టెంపో, శ్రుతి ఫైల్ పేరులోనే రాసి పంపుతున్నాను. అవతలివాళ్లు పేరు మార్చారంటే ఇక అంతే సంగతులు. ఆ రెండూ ఫైల్ లోపలే ఉండాలి. ఎవరు తమ ప్రాజెక్టులోకి లాగినా లూపు దానంతట అదే వాళ్ల టెంపోకి సాగాలి, వాళ్ల శ్రుతికి జరగాలి.

ప్రస్తుతం తేడా కొడుతున్నవి ఇవీ. గరగల డప్పు దరువు చేత్తో లెక్కేస్తే నిమిషానికి 96, కానీ కొన్ని సాఫ్ట్‌వేర్లు 144 చూపిస్తున్నాయి. మిశ్ర చాపు (ఏడు లెక్కల తాళం) డోలు బిట్ ఒక ఆవర్తనం కట్ చేశాను, 120 ఉండాల్సింది 137.14 అంటోంది. రెండున్నర శ్రుతి సన్నాయికి డి షార్ప్ అని రాశాను, డి షార్ప్ ప్రాజెక్టులో పెడితే కొంచెం మీదికి పోతున్నట్టు వినిపిస్తోంది. మ్యాక్ వాడే ఆయనేమో లాజిక్‌లో (యాపిల్ వాళ్ల సంగీత సాఫ్ట్‌వేర్) లూపుగా చేర్చనివ్వట్లేదు, వన్ షాట్ (ఒక్కసారి మోగి ఆగేది, టెంపోకి సాగనిది) అనే వస్తోంది అంటున్నారు. ఎక్కడ సరిచెయ్యాలో తెలిసినవాళ్లు చెప్పండి.

కాలవగట్టు_ఆడియో:

వేవ్ ఫైల్‌లో శబ్దంతోపాటు చిన్న చిన్న సమాచారపు ముక్కలు పెట్టే వీలుంది. వాటిలో మీకు కావాల్సింది యాసిడ్ చంక్. 1998లో సోనిక్ ఫౌండ్రీ వాళ్ల యాసిడ్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చింది కాబట్టి ఆ పేరు. అది మొత్తం 24 బైట్లు. లూపా వన్ షాటా, మూల స్వరం ఏది, బీట్లు ఎన్ని, తాళం ఎంత, టెంపో ఎంత, ఇవే అందులో ఉండేవి. చదివే సాఫ్ట్‌వేర్ ఆ అంకెల్ని గుడ్డిగా నమ్ముతుంది. పొడవు 5.04 సెకన్లున్న ముక్కకి 8 బీట్లు, 96 అని రాస్తే ఆ 40 మిల్లీసెకన్లూ ప్రతి చుట్టుకీ ఎక్కడో ఒకచోట బయటపడతాయి. అందుకని ముందు పొడవు, తర్వాత శ్రుతి, అన్నిటికన్నా చివర ట్యాగ్, అంటే ఈ చంక్ రాయడం. ఈ వరస తిరగబడితే చేసిన పనే మళ్లీ చెయ్యాలి.

పొడవు లెక్క: 60ని టెంపోతో భాగించి బీట్ల సంఖ్యతో గుణిస్తే సెకన్లు. 96 దగ్గర ఒక బీటు 0.625 సెకను. 8 బీట్లకి సరిగ్గా 5 సెకన్లు, అంటే సెకనుకి 44100 శాంపిళ్ల చొప్పున 220500 శాంపిళ్లు, 48 కిలోహెర్ట్జ్‌లో అయితే 240000. ఈ అంకెని కాగితం మీద వేసుకుని, కట్ చేశాక ఎడిసన్‌లో (ఎఫ్ఎల్ లోపలి ఆడియో ఎడిటర్) ముక్క పొడవుతో పోల్చండి. 97 లాంటి టెంపోకి శాంపిళ్లు పూర్ణాంకంగా రావు, సాఫ్ట్‌వేర్ సర్దేస్తుంది. ఒక శాంపిల్ తేడా చెవికి అందేది కాదు, దాని గురించి బెంగ పడొద్దు.

మొదటి దెబ్బ దగ్గర కోత జాగ్రత్త. డప్పు మీద చిర్ర (కొట్టే పొట్టి కర్ర) తగిలిన శబ్దం తెర మీద పెద్ద శిఖరంగా కనబడుతుంది గానీ, శబ్దం మొదలయ్యేది ఆ శిఖరానికి ఒకటి రెండు మిల్లీసెకన్ల ముందు. జూమ్ చేసి ఆ మొదలుకు కొంచెం ముందు కొయ్యండి. శిఖరం మీదే కోస్తే చిర్ర కరుకుతనం పోయి మెత్తగా కొట్టినట్టు ఉంటుంది. ముందు 10 మిల్లీసెకన్ల ఖాళీ వదిలేస్తే ప్రతి చుట్టూ ఆలస్యంగా అందుకున్నట్టు ఉంటుంది. చివరి కోత టక్‌మంటోందని సున్నా గీత వెతుక్కుంటూ కోత జరపొద్దు, పొడవు మారిపోతుంది. కోత అక్కడే ఉంచి చివర్లో 3 మిల్లీసెకన్ల ఫేడ్ వేస్తే చాలు.

ఆఖరి దెబ్బ మోత, రివర్బ్ తోక కోతకి అవతల ఉండిపోతాయి. అవి పోతే లూపు తిరిగి మొదలయ్యేచోట శబ్దం గభాలున ఎండిపోతుంది. ఎఫ్ఎల్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు టెయిల్ దగ్గర ర్యాప్ రిమైండర్ ఎంచుకోండి, తోక తీసుకొచ్చి మొదట్లో కలుపుతుంది. అదే విండోలో సేవ్ యాసిడైజ్డ్ టిక్ పెట్టండి, టెంపో ఫైల్‌లోకి పోతుంది. ట్రిమ్ పీడీసీ సైలెన్స్ కూడా టిక్ పెట్టండి. ఆలస్యం తెచ్చే ప్లగిన్లు ఉంటే మొదట్లో చేరే ఖాళీని అది తీసేస్తుంది. రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌లో అయితే ఆ ముక్కను టైమ్ సెలెక్షన్‌లో పెట్టి, రెండర్ విండోలో టెయిల్ తీసేసి, సెకండ్ పాస్ రెండర్, ఎంబెడ్ ప్రాజెక్ట్ టెంపో రెండూ టిక్ పెట్టాలి. ఆ రెండో దాని పక్కన జాగ్రత్తగా వాడమని వాళ్లే రాశారు, ఊరికే కాదు. ప్రాజెక్టు 120లో ఉండగా 96 ముక్కను రెండర్ చేస్తే ఫైల్ మీద 120 ముద్ర పడిపోతుంది.

ఇంకొకటి, పాడేది మనుషులు, కొట్టేది మనుషులు. జాతర వేడిలో డప్పుల జట్టు 112తో అందుకుని నాలుగు నిమిషాలు తిరిగేసరికి 118లో ఉంటుంది. అలాంటి రికార్డింగ్‌కి మొత్తానికి ఒకే టెంపో రాసేస్తే మొదటి చుట్టు సరిపోతుంది, తర్వాతవి జారుతాయి. నడక నిలకడగా ఉన్న రెండు నాలుగు బార్లు (4/4లో నాలుగు బీట్లకి ఒక బారు) ఏరుకోండి. లేదా ఒక్క ముందు డప్పు ఆయన చెవిలో క్లిక్ పెట్టి, మిగతావాళ్లని ఆయన్ని చూసి కొట్టమనండి. అందరి చెవుల్లో క్లిక్ పెడితే గరగల ఊపు పోయి కవాతులా ఉంటుంది. కోసిన ముక్కలో కూడా ప్రతి దెబ్బనీ గీత మీదికి లాగెయ్యకండి. మొదటి దెబ్బ, మొత్తం పొడవు సరిగ్గా ఉంటే చాలు, మధ్యలో ఉన్నది వాళ్ల చేతివాటం.

తిశ్రగతి:

144 సంగతి నేను చెబుతానండి. మీ సాఫ్ట్‌వేర్ తప్పు లేదు, మీ లెక్కా తప్పు కాదు. గరగల దరువు తిశ్రంలో, 6/8 నడకలో ఉంది. మీరు చేత్తో లెక్కేసేది మూడు చిన్న దెబ్బలకి ఒక వేటు, అది నిమిషానికి 96. సాఫ్ట్‌వేర్లు ఎక్కువ భాగం లెక్కేసేది క్వార్టర్ నోటు, అంటే రెండు చిన్న దెబ్బలకి ఒకటి. 96కి ఒకటిన్నర రెట్లు 144. నాలుగు బార్ల 6/8 మీ లెక్కలో 8 బీట్లు, దాని లెక్కలో 12. రెండు లెక్కల్లోనూ పొడవు 5 సెకన్లే.

అయినా ఏదో ఒకటి ఎంచుకోవాలి, ఎందుకంటే కలిపి రాస్తే చెడుతుంది. 12 బీట్లు, 96 అని రాశారనుకోండి, ఆ లెక్కకి పొడవు 7.5 సెకన్లు ఉండాలి, ఫైల్ 5 సెకన్లే ఉంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు బీట్లని నమ్ముతాయి, కొన్ని టెంపోని నమ్ముతాయి. ఒకరికి బాగుంటుంది, ఇంకొకరికి ఒకటిన్నర రెట్లు తేడా వస్తుంది. ఎవరి మాట నిజమో తేల్చుకోలేక మీ ఫోన్ మోగుతూనే ఉంటుంది.

నా సలహా 8 బీట్లు, 96, తాళం 4/4. ఈ లూపులు తీసుకునేవాళ్లలో ఎక్కువమంది కింద కిక్ వేసి 4/4 ప్రాజెక్టులో ట్రిప్లెట్ ఊపుగా వాడతారు. వాళ్లకిది సరిగ్గా రెండు బార్లలో కూర్చుంటుంది. శుద్ధంగా 6/8 ప్రాజెక్టులో పని చేసేవాళ్ల కోసం 12 బీట్లు, 144తో రెండో కాపీ ఇవ్వండి, వేరే ఫోల్డర్‌లో. రెండూ ఒకే ఫోల్డర్‌లో పడేస్తే పొరపాటున రెండోది లాగి, డప్పు పరిగెడుతోందని అంటారు.

మిశ్ర చాపు గొడవ వేరు. 7/8లో ఒక ఆవర్తనం అంటే మూడున్నర క్వార్టర్ నోట్లు. యాసిడ్ చంక్‌లో బీట్ల గడి పూర్ణాంకమే తీసుకుంటుంది, మూడున్నర రాయడానికి చోటే లేదు. మీ ఆవర్తనం 1.75 సెకన్లు కదా. 4 అని సర్దేస్తే టెంపో 137.14 వస్తుంది, 3 అని సర్దేస్తే 102.86 వస్తుంది. మీకు కనబడిన అంకె అక్కడిదే. మందు తేలికే, రెండు ఆవర్తనాలు కలిపి కొయ్యండి. 3.5 సెకన్లు, 154350 శాంపిళ్లు, 7 బీట్లు, 120. ఖండ చాపుకీ ఇదే పద్ధతి, ఒక్క ఆవర్తనం రెండున్నర కాబట్టి రెండు కలిపి 5 బీట్లు. రెండో ఆవర్తనంలో డోలు ఆయన ఎలాగూ కొంచెం మార్చి వాయిస్తారు, వినడానికి కూడా అదే బాగుంటుంది.

శ్రుతిపెట్టె:

సన్నాయి గురించి. రెండున్నర అంటే డి షార్ప్ అన్నది సరే (ఒకటి సి, రెండు డి, మూడు ఇ, నాలుగు ఎఫ్, ఐదు జి, మధ్యలో అరలు షార్ప్‌లు). కానీ సన్నాయి ఫ్యాక్టరీ కీబోర్డు కాదు. డి షార్ప్‌కి 20, 30, 40 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) అటూ ఇటూ ఉండడం మామూలే. వాయించే కొద్దీ వాద్యం వేడెక్కి ఇంకాస్త పైకి పోతుంది. యాసిడ్ చంక్‌లో మూల స్వరం అర స్వరం లెక్కనే పడుతుంది, సెంట్లకి గడి లేదు. అంటే డి షార్ప్ మీద 30 సెంట్లున్న సన్నాయికి డి షార్ప్ అని ట్యాగ్ రాస్తే, ఏ శ్రుతికి జరిపినా ఆ 30 సెంట్లూ వెంట వస్తాయి. మీకు వినబడుతున్న తేడా అదే.

ముందు కొలవండి. గమకం లేకుండా షడ్జమం నిలిపిన చోటు వెతకండి, రికార్డింగ్ మొదట్లో కాదు, వాద్యం వేడెక్కాక నడిమధ్యలో. ట్యూనర్ ప్లగిన్ పెట్టి చూడండి. పల్లవి అంతటికీ సగటు తియ్యకండి, గమకాలు అంకెను పాడుచేస్తాయి. 30 సెంట్లు పైనుంటే రీపర్‌లో ఆ ముక్క మీద ఎఫ్2 నొక్కి పిచ్ అడ్జస్ట్‌లో మైనస్ 0.3 పెట్టండి, పొడవు మారదు. స్పీడు తగ్గించి శ్రుతి దించే పాత పద్ధతి మాత్రం వద్దు. 30 సెంట్లకి స్పీడు సుమారు 1.75 శాతం మారుతుంది, 96 కాస్తా 94.35 అవుతుంది. మళ్లీ పొడవు లెక్క మొదటికొస్తుంది.

మూల స్వరం అంటే లూపు మొదలయ్యే స్వరం కాదు, షడ్జమం. పంచమం మీద ఎత్తుగడ ఉన్నా ట్యాగ్ షడ్జమానికే. మధ్యమ శ్రుతిలో వాయించిన బిట్ అయితే మధ్యమమే షడ్జమం, కాబట్టి రెండున్నర సన్నాయికి ట్యాగ్ జి షార్ప్ అవ్వాలి. ఇది సన్నాయి ఆయన్ని అడిగి రాసుకోండి. రికార్డింగ్ అయి ఇంటికెళ్లాక ఎవరికీ గుర్తుండదు.

డప్పుకి, డోలుకి మూల స్వరం రాయొద్దు. చంక్‌లో మూల స్వరం ఉందా లేదా అని చెప్పే గుర్తు ఒకటుంటుంది, అది తీసేసి ఉంచాలి. లేకపోతే ఎవరో ప్రాజెక్టు శ్రుతి ఐదు అర స్వరాలు పెంచగానే డప్పు బొమ్మ డప్పులా మోగుతుంది. ఎఫ్ఎల్ ఎక్స్‌పోర్టులో పడేది టెంపో. మూల స్వరం రాయాలంటే యాసిడ్‌లో క్లిప్ ప్రాపర్టీస్ గానీ, కేక్‌వాక్ అనే సాఫ్ట్‌వేర్‌లో లూప్ కన్‌స్ట్రక్షన్ విండో గానీ తేలిక. కేక్‌వాక్‌లో క్లిప్ మీద కంట్రోల్ ఎల్ కొడితే గ్రూవ్ క్లిప్ (టెంపోకి సాగే లూపు) అవుతుంది, బీట్లు, రిఫరెన్స్ నోట్ ఇచ్చి వేవ్‌గా సేవ్ చెయ్యండి. ఫాలో ప్రాజెక్ట్ పిచ్ సన్నాయికి పెట్టండి, డప్పుకి తీసెయ్యండి.

డప్పుల గురించి ఇంకో సంగతి, ట్యాగ్‌కి సంబంధం లేదు గానీ లూపుకి ఉంది. మన వైపు సాయంత్రం కాలవ గాలి తగిలితే తోలు మెత్తబడి మోత దిగిపోతుంది, అందుకే ఎండుగడ్డి మంట మీద కాస్తారు. కాచిన వెంటనే కొట్టిన ముక్క, అరగంట తర్వాత కొట్టిన ముక్క కలిపి ఒక లూపు చేస్తే రెండు వేరే డప్పుల్లా ఉంటాయి. ఒక కాపుకి కొట్టినవి ఒక ఫోల్డర్‌లో వేసుకోండి, ఆ ఫోల్డర్ లోపలే ఏరుకోండి.

రాజోలు_లూప్స్:

137.14 ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైందండి. రెండు ఆవర్తనాలుగా కోశాను, 120 చూపిస్తోంది. సన్నాయి కొలిస్తే డి షార్ప్ మీద 26 సెంట్లుంది, దింపుతున్నాను. లాజిక్ సంగతి, ఇంకా ట్యాగ్ నిజంగా పడిందో లేదో చూసుకునే దారి ఎవరైనా చెప్పండి. కీబోర్డుల్లో పెన్‌డ్రైవ్ పెట్టి వాయించే ఆర్కెస్ట్రా వాళ్లు కూడా అడుగుతున్నారు, వాళ్లకి ఇవే ఫైళ్లు ఇవ్వొచ్చా?

లాజిక్_లంక:

లాజిక్‌లో వన్ షాట్ మాత్రమే వస్తోందంటే ఆ ముక్క ప్రాజెక్టు టెంపోలో పూర్తి బార్లకి సరిపోవట్లేదన్నమాట. కొత్త ప్రాజెక్టు తెరిస్తే 120 ఉంటుంది, మీ ముక్క 96. ఆయన్ని ముందు ప్రాజెక్టు టెంపో 96 చెయ్యమనండి. తర్వాత ముక్క మొదటి బారు గీత మీద పెట్టి, చివర మూడో బారు గీతకి సరిగ్గా తగిలేలా చూసుకోవాలి. అప్పుడు లూప్ బ్రౌజర్‌లోకి లాగితే లూపు అని ఎంచుకునే వీలు వస్తుంది.

లాగడానికి ముందే ప్రాజెక్టు కీ సరిచెయ్యాలి. ముట్టుకోకుండా వదిలేస్తే అది సి మేజర్‌లో ఉంటుంది, సన్నాయి లూపు మీద సి అని పడితే మూడు అర స్వరాలు తప్పు. యాపిల్ లూపుల్లో యాసిడ్‌లో లేని ఒక గడి ఉంది, స్కేల్. మేజర్, మైనర్, రెండింటికీ పనికొచ్చేది, రెండూ కానిది అని నాలుగు. శంకరాభరణం, మోహన, హంసధ్వని బిట్లకి మేజర్ రాయొచ్చు. నటభైరవి అచ్చం మైనరే. మాయామాళవగౌళకి అంతర గాంధారం ఉంది కదా అని మేజర్ రాస్తే, శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం కింద వేసిన కార్డ్‌లతో గొడవపడతాయి. దానికి రెండూ కానిది అనే పెట్టండి. షడ్జమ పంచమాలు మాత్రమే ఉన్న శ్రుతి లూపుకి రెండింటికీ పనికొచ్చేది. డప్పుకి కీ ఏదీ వద్దు.

అలా చేసిన లూపు ఆయన మ్యాక్‌లో, హోమ్ ఫోల్డర్ లైబ్రరీలో ఆడియో, యాపిల్ లూప్స్, యూజర్ లూప్స్ దారిలో కూర్చుంటుంది. మ్యాక్ వాళ్లకి విడిగా ప్యాక్ ఇవ్వాలంటే అక్కడినుంచి ఆ ఫైళ్లు తీసుకోండి. మీ యాసిడ్ వేవ్‌లే నేరుగా బ్రౌజర్‌లోకి చేర్చుకుంటామంటే ఒక్కో ఫైల్ కాకుండా ఫోల్డర్ మొత్తం లాగాలి, ఫోల్డర్ పేర్ల నుంచే అది వర్గాలు పోల్చుకుంటుంది. అంచేత ఫోల్డర్లకి వాద్యం పేరు పెట్టండి, "కొత్తవి", "ఫైనల్ 2" లాంటివి వద్దు.

కాలవగట్టు_ఆడియో:

పరీక్ష ఇలా. ఖాళీ ప్రాజెక్టు తీసి టెంపో 110 పెట్టి లూపు లాగండి. సరిగ్గా రెండు బార్లు ఆక్రమించాలి. దాన్ని 16 సార్లు వరసగా అతికించి మెట్రోనోమ్‌తో వినండి, చివరి చుట్టులో కూడా మొదటి దెబ్బ క్లిక్ మీదే ఉండాలి. రీపర్‌లో సాగకపోతే ఫైల్‌ని తిట్టేముందు ప్రిఫరెన్సెస్‌లో మీడియా కింద టెంపో ఉన్న ఫైళ్లు దిగుమతి చేసే అమరిక చూడండి. నెవర్ అని ఉంటే ట్యాగ్ ఎంత చక్కగా ఉన్నా పట్టించుకోదు. ఆల్వేస్ గానీ ప్రాంప్ట్ గానీ పెట్టాలి.

అప్పటికీ అనుమానముంటే ఏదైనా హెక్స్ ఎడిటర్‌లో (ఫైల్‌లోని బైట్లని నేరుగా చూపించేది) ఫైల్ తెరిచి 61 63 69 64 వెతకండి, యాసిడ్ అన్న నాలుగక్షరాలు అవే. దాని వెంటనే 18 00 00 00 ఉంటుంది, 24 బైట్లని అర్థం. ఆ తర్వాతి బైటు చూడండి. 04 ఉంటే సాగే లూపు, మూల స్వరం లేదు, డప్పుకి కావాల్సింది ఇదే. 06 ఉంటే మూల స్వరం కూడా ఉంది, సన్నాయికి ఇది. 01 కనబడితే వన్ షాట్ అని పడింది, సాగదు. అసలు చంకే కనబడకపోతే ట్యాగ్ వేశాక ఎవరో వేరే ఎడిటర్‌లో తెరిచి వాల్యూమ్ పెంచి సేవ్ చేసి ఉంటారు. చాలా ఎడిటర్లు తెలియని ముక్కల్ని మౌనంగా వదిలేస్తాయి. అందుకే ట్యాగ్ ఆఖరి పని అన్నది.

ఎంత దూరం సాగుతుందనేది కూడా ప్యాక్‌తోపాటు రాసివ్వండి. డప్పు పది శాతం అటూ ఇటూ బాగానే ఉంటుంది. ఇరవై దాటితే చిటికెన పుల్ల దెబ్బలు అలుక్కుపోయి ఒక్క దెబ్బ రెండుగా వినబడుతుంది. సన్నాయిని రెండు మూడు అర స్వరాలకు మించి జరిపితే గమకం వేరే వాద్యంలా ఉంటుంది. అదే దరువు 80, 96, 115 మూడు నడకల్లో విడిగా కొట్టించి ఇస్తే సాగదీసే పని తగ్గుతుంది.

ఆర్కెస్ట్రా వాళ్ల కీబోర్డులు ఎక్కువ భాగం ఈ చంక్ చదవవు, ఫైల్ ఎలా ఉంటే అలా వాయిస్తాయి. వాళ్లకి ఆ మూడు నడకలూ విడి ఫైళ్లుగా, టెంపో, శ్రుతి పేరులో రాసి ఇవ్వండి. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, చిన్నగా పెట్టండి, పాత కీబోర్డులు తెలుగు పేర్లని గడులుగా చూపిస్తాయి. ఎంపీ3గా మాత్రం మార్చొద్దు. ఎన్‌కోడర్ మొదట్లోనూ చివర్లోనూ కొంచెం ఖాళీ చేరుస్తుంది, చుట్టు తిరిగిన ప్రతిసారీ ఎక్కిళ్లు వచ్చినట్టు ఉంటుంది. ఎంపీ3లో కూడా టెంపో రాసే ట్యాగ్ ఉంది గానీ అది పాటల జాబితాకి పనికొచ్చేది, ఈ ఖాళీని అది పూడ్చలేదు. వాట్సాప్‌లో పంపితే ఫోల్డర్‌ని జిప్ చేసి డాక్యుమెంట్‌గా పంపండి. ఆడియోగా పంపితే అవతల దిగేది మీ ఫైలే అన్న నమ్మకం ఉండదు.